బోర్డో ఎర్ర వైన్: వగరు, మేళవింపు, విందు

ఎర్ర వైన్‌ను ఒకే రకం ద్రాక్షతో చేయవచ్చు. రెండు మూడు రకాల ద్రాక్షను విడివిడిగా పులియబెట్టి, ఆ వైన్లను తగిన పాళ్లలో కలిపి కూడా చేయవచ్చు. రెండో పద్ధతిలో వచ్చినదే రెడ్ బ్లెండ్. అమెరికా చట్టం ప్రకారం సీసా మీద ఒక ద్రాక్ష రకం పేరు వేయాలంటే అందులో కనీసం 75 శాతం ఆ రకమే ఉండాలి. యూరప్‌లో ఈ హద్దు 85 శాతం. ఏ రకానికీ అంత వాటా లేనప్పుడు అమెరికా సీసాల మీద చాలాసార్లు ‘రెడ్ బ్లెండ్’ అన్న రెండు మాటలే కనిపిస్తాయి. అందుకే మిగిలిపోయిన సరుకంతా ఒకచోట పోస్తే వచ్చేదే ఈ వైన్ అన్న అపోహ కొందరిలో ఉంది. నిజానికి ప్రపంచంలో పేరుమోసిన ఎర్ర వైన్లలో చాలా భాగం మేళవింపులే. వాటిలో ఎన్నింటికో ఒరవడి పెట్టింది ఫ్రాన్స్ నైరుతి మూలన ఉన్న బోర్డో.

బోర్డోలో మేళవింపు ఎవరి అభిరుచి వల్లో పుట్టలేదు. అక్కడి నేల, వాన దాన్ని తప్పనిసరి చేశాయి. గారోన్, దోర్దోన్య్ నదులు కలిసి జిరోంద్ అనే ఉప్పుటేరుగా మారి అట్లాంటిక్‌లో పడతాయి. నీటికి ఎడమ గట్టున ఉన్న మెదోక్ ప్రాంతంలో నేల గులకరాళ్ల దిబ్బలు. ఆ రాళ్లు నీటిని నిలవనివ్వవు, పగటి ఎండను దాచుకుని రాత్రి వేడిని విడుస్తాయి. ఆలస్యంగా పండే కబెర్నే సోవిన్యోన్‌కు ఆ వేడి కావాలి. కుడి గట్టున సేంట్ ఎమిలియోన్, పొమెరోల్ ఊళ్ల చుట్టూ ఎక్కువగా బంకమట్టి, సున్నపురాయి. చల్లగా, తేమగా ఉండే ఆ నేలలో త్వరగా పండే మెర్లో హాయిగా పెరుగుతుంది. పైన ఆకాశాన్ని మాత్రం నమ్మడానికి లేదు. వసంతంలో మంచు పడితే ముందుగా చిగురించే మెర్లో మాడిపోతుంది. పూత వేళ చలివాన కురిస్తే పిందె రాలిపోతుంది. సెప్టెంబరు చివర ముసురు పట్టిందంటే ఇంకా పండని కబెర్నే పచ్చిగానే మిగులుతుంది. 1956 ఫిబ్రవరి చలికి కుడి గట్టున తోటలకు తోటలే చచ్చిపోయాయి. ఒకే పంటను నమ్ముకున్న రైతుకూ, కందితో పాటు జొన్న కూడా వేసుకున్న రైతుకూ ఉన్న తేడాయే ఇక్కడా కనిపిస్తుంది. ఒక రకం దెబ్బతిన్న ఏడాది మరో రకం ఆదుకుంటుంది.

కబెర్నే సోవిన్యోన్ పండు చిన్నది, తొక్క మందం, గుజ్జు తక్కువ. హైదరాబాద్ చుట్టుపక్కల ఒకప్పుడు విరివిగా పండిన అనాబ్-ఎ-షాహీ పళ్లను ఎరిగినవారికి ఇది ద్రాక్షలాగే అనిపించకపోవచ్చు. తినడానికి పనికొచ్చే గుణాలన్నీ దీనిలో తక్కువ, వైన్‌కు కావలసినవన్నీ ఎక్కువ. ముదురు రంగు, గట్టి వగరు, పులుపు, ఏళ్ల తరబడి నిలిచే శక్తి దీని సొత్తు. అయితే ఒక్కదాన్నే తాగితే నాలుక మీద మొదట ఒక మెరుపు, చివర ఒక పట్టు తగులుతాయి, మధ్యలో బోలుగా ఉంటుంది. ఆ బోలును నింపేది మెర్లో. దాని వగరు మెత్తన, పులుపు కొంచెం తక్కువ, ఆల్కహాల్ కొంచెం ఎక్కువ. పండిన ఆల్‌బుఖారా పండును కొరికినట్టుంటుంది. బోర్డో ఎర్ర ద్రాక్ష తోటల్లో సగానికి పైగా ఇదే. కబెర్నే ఫ్రాంక్ పాలు తక్కువే అయినా పూల వాసనను, చురుకుదనాన్ని అది తెస్తుంది. పెతీ వెర్దో చాలా ఆలస్యంగా పండుతుంది. నూటికి రెండు మూడు పాళ్లు వేసినా చాలు, రంగు చిక్కబడుతుంది. మాల్బెక్ ఇప్పుడు బోర్డోలో అరుదు, అర్జెంటీనా దానికి మెట్టినిల్లు. ఆరోదైన కార్మెనేర్ కథ మరీ విచిత్రం. పందొమ్మిదో శతాబ్దపు రెండో సగంలో ఫిలాక్సెరా అనే వేరుపురుగు ఫ్రాన్స్ తోటలను తినేసినప్పుడు అది బోర్డోలో దాదాపు కనుమరుగైంది. 1994లో చిలీ దేశపు తోటల్లో మెర్లో అనుకుంటూ పెంచుతున్న తీగల్లో చాలా భాగం కార్మెనేర్ అని జాఁ-మిషెల్ బుర్సికో అనే ఫ్రెంచి ద్రాక్ష శాస్త్రవేత్త ఆకులు, పూలు చూసి గుర్తుపట్టాడు.

ఈ రకాలు ఇంత బాగా కలవడానికి చుట్టరికం కూడా ఒక కారణమేమో అనిపిస్తుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖలో కరోల్ మెరెడిత్, జాన్ బవర్స్ జరిపిన డీఎన్ఏ పరీక్షల్లో ఎర్రని కబెర్నే సోవిన్యోన్‌కు తల్లిదండ్రుల్లో ఒకటి కబెర్నే ఫ్రాంక్ అనీ, రెండోది తెల్ల ద్రాక్ష అయిన సోవిన్యోన్ బ్లాంక్ అనీ తేలింది. ఈ ఫలితం 1997లో ప్రచురితమైంది. మెర్లోకూ, కార్మెనేర్‌కూ కూడా ఒక వైపు జన్మనిచ్చింది కబెర్నే ఫ్రాంకే. చాలా సీసాల్లో పావువంతు కూడా దక్కని ఆ రకమే ఆ కుటుంబానికి పెద్ద.

కలిపే పని కోతల తర్వాత చలికాలంలో మొదలవుతుంది. ఒక్కొక్క మడి ద్రాక్షను విడిగా పులియబెట్టి, విడిగా ఉంచుతారు. పెద్ద తోటల్లో ఇలాంటి నమూనాలు ముప్పై నలభై దాకా బల్ల మీదికి వస్తాయి. ప్రతిదీ రుచి చూసి, కొలత గ్లాసుల్లో పాళ్లు మార్చి మార్చి కలిపి, మళ్లీ రుచి చూస్తారు. మంచివన్నీ కలిపితే మంచి వైన్ వస్తుందన్న హామీ లేదు. విడిగా మొరటుగా తోచిన పెతీ వెర్దో కలిపాక ఎముకలా నిలబడవచ్చు, విడిగా ముద్దొచ్చిన మెర్లో మొత్తాన్ని నీరుగార్చనూవచ్చు. ఎంపికలో నిలవనివి ఆ తోట పేరుతో వచ్చే రెండో వైన్‌లోకి పోతాయి. ఈ పనికి శాస్త్రీయమైన క్రమశిక్షణ తెచ్చినవారిలో బోర్డో విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఎమిల్ పేనో (1912–2004) ముఖ్యుడు. బాగా పండాకే కోయాలి, చెడిన పళ్లను ఏరెయ్యాలి, పాత్రల శుభ్రత పాటించాలి అన్న ఆయన సూత్రాలు ఈరోజు సాధారణంగా కనిపిస్తాయి. ఆయన బోధించిన కాలంలో అవి చాలా తోటలకు కొత్త.

ఈ వైన్ స్వభావాన్ని పట్టుకోవడానికి తెలుగులో ఒక చక్కని మాట సిద్ధంగా ఉంది: వగరు. ఉగాది పచ్చడిలో ఆరు రుచుల్లో ఒకటిగా లెక్కపెట్టే ఈ వగరును ఆధునిక శాస్త్రం ఎక్కువగా స్పర్శ కిందే జమ కడుతుంది. పచ్చి అరటికాయ, లేత జామపిందె, వక్క, కరక్కాయ, పాలు పోయని టీ డికాక్షన్ నోటిని పట్టేసేది ఒకే పద్ధతిలో. లాలాజలంలో ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం అధికంగా ఉన్న మాంసకృత్తులు ఉంటాయి. నోటిలోపలి చర్మం జారుడుగా ఉండటంలో వాటికి పాత్ర ఉంది. టానిన్లు వాటిని పట్టి ముద్దకట్టిస్తాయి. జారుడు పోయి నాలుక అంగిలికి రాసుకుంటుంది. ఆ రాపిడే వగరు. టానిన్ అన్న మాట తోళ్లు ఊనే పనినుంచి వచ్చింది. తెలంగాణ రాష్ట్రపుష్పమైన తంగేడు చెట్టు బెరడును దక్షిణ భారతంలో తోళ్లు ఊనడానికి తరతరాలుగా వాడింది దానిలోని టానిన్ల కోసమే. తోలులోని మాంసకృత్తుకు జరిగేదే, చాలా తేలిక మోతాదులో, ఎర్ర వైన్ తాగినవారి లాలాజలానికీ జరుగుతుంది.

ద్రాక్షలో ఈ టానిన్లు ఉండేది రసంలో కాదు, తొక్కలోనూ గింజలోనూ. అందుకే ఎర్ర వైన్ చేసేటప్పుడు రసాన్ని పిండి వేరుచేయకుండా తొక్కలతో సహా పులియబెడతారు. ఈస్ట్ చక్కెరను ఆల్కహాల్‌గా మారుస్తూ ఉంటే, సుమారు 25 నుంచి 30 డిగ్రీల వేడిలో ఆ ఆల్కహాల్ తొక్కల సారాన్ని బయటికి లాగుతుంది. ఎన్నాళ్లు నానబెట్టాలన్నది పెద్ద నిర్ణయం. తక్కువైతే పలచన, ఎక్కువైతే గింజల చేదు దిగుతుంది. మధ్యయుగాల్లో ఈ నానబెట్టడం చాలా తక్కువ. 1152లో అక్విటేన్ డచెస్ ఎలియనోర్ హెన్రీ ప్లాంటజెనెట్‌ను పెళ్లాడాక బోర్డో మూడు వందల ఏళ్లు ఇంగ్లాండ్ రాజుల చేతిలో ఉంది. అప్పట్లో ఓడల్లో వెళ్లిన వైన్ లేత ఎరుపు రంగుది కాబట్టే ‘క్లారే’ అనే ఫ్రెంచి మాట ఇంగ్లిషులో ‘క్లారెట్’గా స్థిరపడింది. చిక్కని, వగరైన, నిలవుంచదగ్గ బోర్డో పదిహేడో శతాబ్దంలో గాని రూపు దిద్దుకోలేదు.

రంగు వేరే పదార్థాలది. నేరేడు పండు తిన్న నాలుక నీలమవడానికి కారణమైన ఆంథోసయనిన్లే ఎర్ర ద్రాక్ష తొక్కలోనూ ఉన్నాయి. పులుపులో అవి ఎరుపు, పులుపు తగ్గితే నీలి వైపు మొగ్గుతాయి. కొత్త వైన్ అంచున కనిపించే ఊదా ఛాయ ఏళ్లు గడిచేకొద్దీ ఇటుక రంగుకు తిరుగుతుంది, ఎందుకంటే ఆంథోసయనిన్లు టానిన్లతో జతకట్టి పెద్ద అణువులవుతాయి. కొన్ని బరువెక్కి సీసా అడుగున మడ్డిగా దిగుతాయి. వగరు మెత్తబడటంలోనూ ఈ మార్పులకు పాత్ర ఉంది. పాత బోర్డోను వేరే పాత్రలోకి మెల్లగా వంచి తేరుస్తారంటే అది ఆడంబరానికి కాదు, ఆ మడ్డిని వదిలించడానికే.

వాసనల్లో ముందుగా చెప్పవలసింది క్యాప్సికం. మెథాక్సీపైరజీన్ల జాతికి చెందిన ఒక పదార్థం పచ్చి క్యాప్సికంలోనూ కబెర్నే కుటుంబపు ద్రాక్షల్లోనూ ఉంటుంది. లీటరు వైన్‌లో ఇది గ్రాములో వందకోట్లవ వంతులు పదిహేను ఉన్నా ముక్కు పసిగడుతుంది. పంట సరిగా పండని ఏడాది ఈ పచ్చివాసన పైకి తేలుతుంది. ఎండ బాగా తగిలితే కరిగిపోయి బ్లాక్‌కరెంట్, దేవదారు చెక్క వాసనలకు చోటిస్తుంది. మెర్లో పాలు పెంచడంలో ఉద్దేశాల్లో ఈ పచ్చిదనాన్ని కప్పడం ఒకటి. వెనిల్లా, లవంగం, కాల్చిన రొట్టె వాసనలు ద్రాక్షవి కావు, 225 లీటర్లు పట్టే ఓక్ పీపాలవి. ఏడాది, ఏడాదిన్నర ఆ పీపాల్లో ఉన్న వైన్‌కు చెక్క సందుల్లోంచి అతి కొద్దిగా గాలి తగులుతూ వగరు కోసుదనం తగ్గుతుంది. సీసాకెక్కించే ముందు కొందరు కొట్టిన కోడిగుడ్డు తెల్లసొన వేస్తారు. గుడ్డులోని మాంసకృత్తులు మొరటు టానిన్లను పట్టుకుని కిందికి దిగిపోతాయి. మిగిలిన పచ్చసొనలే బోర్డోవారి కానెలే అనే చిన్న కేకుకు మూలమని అక్కడివారు చెప్పుకుంటారు.

విందులో ఈ వైన్ పక్కన ఏం వడ్డించాలన్న ప్రశ్నకు జవాబు ఆ గుడ్డు తెల్లసొనలోనే ఉంది. వగరుకు మందు మాంసకృత్తు, కొవ్వు. చిక్కటి డికాక్షన్‌లో పాలు పోస్తే నోరు పట్టడం ఆగిపోతుంది. పాలలోని కేసిన్ టీ టానిన్లను కట్టేస్తుంది. ఎర్ర వైన్‌తో ఛీజ్ ముక్క తిన్నప్పుడు జరిగేదీ అదే. కొవ్వు పని ఇంకొంచెం వేరు. 2012లో అమెరికాలోని మోనెల్ కేంద్రం పరిశోధకులు వగరు పానీయాన్నీ కొవ్వున్న మాంసాన్నీ మార్చి మార్చి ఇచ్చి చూశారు. గుక్క గుక్కకూ వగరు పేరుకుంటుంది; అది మాంసపు జిడ్డును తుడుస్తుంది, జిడ్డు వగరును నునుపు చేస్తుంది. అలా ఒక ముద్ద, ఒక గుక్క కలిసి నోటిని తూకంలో ఉంచుతాయి. మాంసంతో ఎర్ర వైన్ అన్న పాత ఆనవాయితీ వెనక గట్టి శరీరధర్మమే ఉందన్నమాట.

బోర్డో వంటిల్లు ఈ సూత్రాన్ని ప్రయోగశాల లేకుండానే పట్టుకుంది. ఎండిన ద్రాక్ష తీగల నిప్పు మీద కాల్చిన కొవ్వు చారల గొడ్డు మాంసం, దాని మీద ఎర్ర వైన్, చిన్న ఉల్లి, ఎముక మూలుగతో చేసిన సాస్: దీన్ని బోర్డో పద్ధతి ఆంత్రకోట్ అంటారు. పోయాక్ ఊరి పాలుమరవని గొర్రెపిల్ల మాంసం మెదోక్ కబెర్నేకు సహజమైన జోడీ. లేత మాంసానికి, పుట్టగొడుగులకు, కాల్చిన బాతుకు మెర్లో పాలు ఎక్కువున్న కుడి గట్టు వైన్ మెరుగు. ఛీజ్ విషయంలో మెత్తని, ఘాటైన రకాలకన్నా ఏడాది పైగా ముదిరిన గట్టి రకాలే నయం. ఉప్పు చేదును అణుస్తుంది కాబట్టి చప్పటి కూర పక్కన కరుకుగా తోచిన వైన్ తగినంత ఉప్పున్న వేపుడు పక్కన మెత్తబడుతుంది.

చేపతో పేచీకి కారణం కూడా తెలిసింది. వైన్‌లో కరిగి ఉన్న ఇనుము సముద్రాహారంలోని కొవ్వులతో కలిసి నీచు వాసనను రెచ్చగొడుతుందని 2009లో జపాన్ పరిశోధకులు చూపారు. ఎర్ర వైన్లన్నిటిలోనూ ఇనుము ఒకేలా ఉండదు కాబట్టి పేచీ కూడా ఒకేలా ఉండదు. బోర్డోలోనే లాంప్రే అనే పాములాంటి నీటిజీవిని ఎర్ర వైన్‌లోనే ఉడికిస్తారు.

తెలుగు భోజనం దగ్గర అసలు పరీక్ష కారం. మిరపలోని కాప్సైసిన్ తాకేది నోటిలోని వేడిని పసిగట్టే గ్రాహకాన్ని. 1997లో దాన్ని గుర్తించిన కృషికి డేవిడ్ జూలియస్ 2021 నోబెల్ బహుమతిలో పాలుపంచుకున్నాడు. మామూలుగా 42 డిగ్రీల దగ్గర స్పందించే ఆ గ్రాహకం ఆల్కహాల్ సమక్షంలో 34 డిగ్రీలకే స్పందిస్తుంది. అంటే ఒంటి వేడే మంటగా తోస్తుంది. 14 శాతం ఆల్కహాల్, పైన టానిన్ల రాపిడి ఉన్న వైన్‌ను గుంటూరు కారం పక్కన పెడితే మంట మీద మంట. పులుపుదీ ఒక చిక్కు ఉంది. ద్రాక్షకూ చింతపండుకూ ప్రధానమైన ఆమ్లం ఒకటే, టార్టారిక్ ఆమ్లం. పళ్లలో ఇది అరుదైన పోలిక. వైన్ కన్నా కూర పుల్లగా ఉంటే వైన్‌లోని ప్రాణం పోయి చప్పబడుతుంది. అందువల్ల పులుసులు, గోంగూర మాంసం, ఆవకాయ ఈ వైన్‌కు తగిన తోడు కావు. కారం తగ్గించి మిరియాలు, ధనియాలతో చేసిన మాంసం వేపుడు, జీడిపప్పు ముద్దతో వండిన కూర, నువ్వులు పల్లీలు దట్టంగా పడిన గుత్తివంకాయ, నెయ్యి తగిలిన పనీర్ దీనితో పొందిక కుదురుతాయి.

మిరియాల దగ్గర ఇంకో బ్లెండ్ ముందుకొస్తుంది. షిరాజ్ ద్రాక్షలో వచ్చే మిరియపు వాసన పోలిక కాదు, నిజంగా మిరియాల్లో ఉన్న పదార్థమే. రోటుండోన్ అనే ఆ పదార్థాన్ని ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు గుర్తించి 2008లో ప్రకటించారు. బెంగళూరు దగ్గర నంది కొండల పాదాన ఉన్న గ్రోవర్ తోటల ‘లా రిజర్వ్’ కబెర్నే సోవిన్యోన్, షిరాజ్‌ల కలయిక. దాని రూపకల్పనకు సలహా ఇచ్చింది బోర్డో కుడి గట్టుకు చెందిన మిషెల్ రోలాన్. మిరియాల మాంసానికి అచ్చమైన బోర్డో కన్నా ఈ కలయికే దగ్గర.

ఎర్ర వైన్ గుండెకు మంచిదన్న ప్రచారం 1990ల నుంచి బలంగా సాగింది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మాత్రం ఆల్కహాల్‌ను క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలోనే ఉంచింది. ఏ మోతాదూ పూర్తిగా సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది. ఈ వైన్‌ను రుచి కోసం మాత్రమే తెలుసుకోవాలి, మందుగా కాదు.

వడ్డించే వేడి కూడా జోడీలో భాగమే. ఎర్ర వైన్‌ను గది ఉష్ణోగ్రతలో ఇవ్వాలన్న నియమం యూరప్ పాత ఇళ్ల గదులది, అంటే 16 నుంచి 18 డిగ్రీలు. హైదరాబాద్, విజయవాడ వేసవి గదిలో ఉంచిన సీసాలో ఆల్కహాల్ ఘాటే ముందు ముక్కుకు తగులుతుంది, పండు వాసన వెనకబడుతుంది. కొంతసేపు ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే సరిపోతుంది. మరీ చల్లబడితే వగరు కరుకెక్కుతుంది. మూత తీసిన సీసా ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు నిలుస్తుంది. ఆ తర్వాత రుచి వాడిపోతుంది, గాలి అందిన బ్యాక్టీరియా ఆల్కహాల్‌ను వెనిగర్‌గా మార్చడం మొదలుపెడుతుంది. అంతకు ముందే మిగిలినదాన్ని చిన్న ఉల్లిపాయలతో సగానికి మరిగించి వెన్న కలిపితే, బోర్డోవారు కాల్చిన మాంసం మీద పోసే సాస్‌కు అదే పునాది.